వీడియో షూటింగ్‌కి మీ యూనిట్‌ని రెడీ చేసుకోవడం ఎలా: ఒక ఆవకాయ యూనిట్ ఉదాహరణతో

"రేపు పొద్దున్న ఏడింటికి షూటింగ్ వాళ్ళు వస్తున్నారండి, మేం ఏమైనా రెడీ చేసి పెట్టాలా" అని ముందు రోజు రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్ళు చాలామంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకి వీడియోలు తీస్తూ నేను చూసింది ఏంటంటే, మంచి వీడియో వస్తుందా రాదా అన్నది సగానికి పైగా కెమెరా రాకముందే తేలిపోతుంది. డబ్బులు పెట్టేది మీరు, ఆ రోజు పని ఆపుకునేది మీరు, అందుకే ఇది మీకోసం రాస్తున్నా. చీరల షాపైనా, స్వీట్ షాపైనా, ఫర్నిచర్ వర్క్‌షాపైనా పద్ధతి దాదాపు ఒకటే, కాకపోతే అన్నిటికీ వర్తించేలా గాల్లో చెప్తే ఎవరికీ ఉపయోగపడదు కాబట్టి పచ్చళ్ళు చేసి అమ్మే హోమ్ ఫుడ్స్ యూనిట్‌ని తీసుకుంటా, మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

మొదట డేట్. షూటింగ్ వాళ్ళకి ఎప్పుడు ఖాళీ అని కాదు, మీ పని ఎప్పుడు నిండుగా కనిపిస్తుంది అని చూడాలి. ఆవకాయ ముక్కలు కొట్టడం చూపించాలంటే ఏప్రిల్, మే తప్ప ఇంకో దారి లేదు, కాయలో టెంక గట్టిపడి పులుపు నిండుగా ఉండేది అప్పుడే. ఆగస్టులో పిలిచి "మామిడికాయ షాట్లు కూడా కావాలండి" అంటే మేం ఎక్కడి నుంచి తెస్తాం? గోంగూర, టమాటా, చికెన్ పచ్చడి ఎప్పుడైనా తియ్యొచ్చు, ఆవకాయ మాత్రం సీజన్‌లో తీసి పెట్టుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు. చీరల షాపు వాళ్ళకైతే ఆషాఢం సేల్, శ్రావణమాసం రద్దీ మొదలవ్వకముందే తీసేసుకోవాలి, ఆ నెలల్లో కెమెరా స్టాండ్ పెట్టడానికి కూడా చోటు ఉండదు. ముహూర్తం, రాహుకాలం చూసుకునేవాళ్ళు చూసుకోండి తప్పులేదు, కానీ ఆ టైమ్ ముందే చెప్పండి, అందరూ వచ్చి లైట్లు పెట్టుకున్నాక "గంటన్నర ఆగండి" అంటే పొద్దున్న వెలుగు మొత్తం పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. షూటింగ్ ఒక్క రోజు, ఆవకాయ మాత్రం ఒక్క రోజులో అయ్యేది కాదు కదా. ఇవాళ ముక్క కొడితే, కలిపి జాడీలో పెట్టి వాసెన కడితే, మూడో రోజు తిరగ కలపాలి, అప్పుడు గానీ నూనె పైకి తేలి ఎర్రగా కనిపించదు. ఒక్క రోజులో ఇదంతా చూపించాలంటే ప్రతి దశా విడివిడిగా రెడీగా ఉండాలి. అందుకని షూటింగ్ రోజు నుంచి వెనక్కి లెక్కేసుకోండి. మూడు రోజుల ముందు ఒక జాడీ కలిపి వాసెన కట్టి పక్కన పెట్టండి, ఆ గుడ్డ విప్పేది కెమెరా ముందే విప్పాలి, ఎవరూ ముందు తెరవకూడదు. పోయినేడాది పాత ఆవకాయ ఉంటే ఒక చిన్న జాడీ అట్టే పెట్టండి, కొత్తది పాతది పక్కపక్కన చూపిస్తే చూసేవాళ్ళకి తేడా ఇట్టే తెలుస్తుంది. షూటింగ్ రోజు పొద్దున్నకి కడిగి తుడిచిన కాయలు ఒక బుట్టెడు కావాలి, జీడి తీసి పొర గీకి ఆరబెట్టిన ముక్కలు ఒక పళ్ళెం కావాలి, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు కొలిచి వేరువేరు గిన్నెల్లో ఉండాలి. ఒక్కోటీ మీకు రోజూ కావాల్సిన దానికంటే కనీసం రెండింతలు పెట్టుకోండి, ఎందుకంటే ఆవపిండి పడే షాట్ మొదటిసారే బాగా రాదు, నాలుగు సార్లు పొయ్యాల్సి రావొచ్చు, ఒకసారి కలిసిపోయాక మళ్ళీ వెనక్కి తీసుకోలేం.

ఇక్కడ ఒకటి గుర్తొస్తోంది. ఒక యూనిట్‌లో ముక్కల క్లోజప్ తీస్తున్నాం, మెరుపు రావట్లేదని మా కుర్రాడు స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టబోయాడు, కూరగాయలకి మేం మామూలుగా చేసే పనే అది. పక్కన కూర్చున్న పెద్దావిడ చటుక్కున అతని చెయ్యి పట్టేసుకుంది. "బాబూ, ఒక్క చుక్క తడి తగిలితే జాడీ మొత్తం బూజు పట్టుద్ది" అంది. ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, మేం తెలుసుకుని రావాల్సింది. వీడియో వాళ్ళకి మీ పని తెలీదు, అందం కోసం ఏదో ఒకటి అడుగుతారు, అది మీ సరుకుని పాడు చేస్తుందనుకుంటే మొహమాటపడకుండా వద్దని చెప్పండి. ఇంకా మంచిది ఏంటంటే కెమెరా కోసం వేరే బ్యాచ్ పెట్టుకోవడం, దాని మీద ఏ ప్రయోగం చేసినా మీ అమ్మకం సరుకు జోలికి రాదు.

శుభ్రం గురించి. అందరూ చేసే పొరపాటు షూటింగ్ రోజు పొద్దున్నే నేలంతా నీళ్ళతో కడిగేయడం. పచ్చళ్ళ గదిలో తడి ఎలాగూ ఉండకూడదు, పైగా తడి నేల మీద లైట్లు మెరుస్తాయి, వైర్లు పరిచే చోట నీళ్ళంటే ప్రమాదం కూడా. రెండు రోజుల ముందు కడిగేయండి, ముందు రోజు పొడి గుడ్డతో తుడవండి, అంతే. గోడలకి కొత్త రంగులు వెయ్యక్కర్లేదు. ఒక నలభై ఏళ్ళ నాటి రోలు, అంచు కొంచెం రాలిన జాడీ, వాడి వాడి నున్నగా అయిన చెక్క గరిటె, వాటిని దాచేసి కొత్త స్టీల్ బేసిన్లు తెచ్చిపెడుతుంటారు, దయచేసి అలా చెయ్యకండి. స్టీల్ బేసిన్‌లో లైట్లు, కెమెరా పట్టుకున్న మనిషి నీడ అన్నీ కనిపిస్తాయి, తియ్యడం మాకు కష్టం, చూడ్డానికి కూడా హోటల్ వంటగదిలా ఉంటుంది. జాడీలో, చెక్క గరిటెతో కలిపితే ఆ ఎరుపే వేరు.

కెమెరాకి కనపడకుండా తీసెయ్యాల్సినవి వేరే ఉన్నాయి. పార్సిల్ టేబుల్ దగ్గర కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అమెరికా అడ్రస్‌లతో సహా లేబుల్స్ అంటించిన డబ్బాలు వరసగా ఉంటాయి, ఇప్పటి కెమెరాల్లో అవి చక్కగా చదవొచ్చు. మిమ్మల్ని నమ్మి అడ్రస్ ఇచ్చినవాళ్ళు వాళ్ళు. ఆ డబ్బాలు వెనక్కి తిప్పండి, ఖాళీ లేబుల్స్‌తో నాలుగు డబ్బాలు షూటింగ్ కోసం కట్టి పెట్టండి. అప్పుల పుస్తకం, కంప్యూటర్ స్క్రీన్ మీద ఆర్డర్ల లిస్టు, గోడ మీద రాసిన ఫోన్ నంబర్లు, సీసీటీవీ మానిటర్, పోయిన పండగ ఆఫర్ పోస్టర్, నెల కనిపించే క్యాలెండర్, వేరే కంపెనీ నూనె డబ్బాలు, ఇవన్నీ ఫ్రేమ్‌లోంచి పోవాలి. యూపీఐ క్యూఆర్ కోడ్ ఇప్పుడు ఉన్నదేనా, మారిందా చూసుకోండి, పాత అకౌంట్‌ది వీడియోలో పడితే తర్వాత గొడవ. దేవుడి పటం తియ్యక్కర్లేదండి, చాలామంది అడుగుతారు, దండ మాత్రం ఎండిపోయింది ఉంటే కొత్తది వెయ్యండి చాలు.

తలకి టోపీ, చేతికి గ్లౌజులు ముందే కొని పెట్టుకోండి. తిండి తయారుచేసే చోట ఉంగరాలు, గాజులు, విరబోసుకున్న జుట్టు కనిపిస్తే కింద కామెంట్లలో ఎవరూ రుచి గురించి మాట్లాడరు, అదే మాట్లాడతారు. షూటింగ్ కోసం ఒక్క రోజు పెట్టుకోవడం కాదు, అలవాటు లేనివాళ్ళు గ్లౌజుతో ముక్క కలుపుతుంటే ఆ తడబాటు తెలిసిపోతుంది, ఒక వారం ముందు నుంచే వాడటం మొదలుపెట్టండి. సీసా మీద లేబుల్ కూడా ఫైనల్‌ది అయ్యుండాలి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఫుడ్ లైసెన్స్) నంబరు, వెజ్ పచ్చడికి ఆకుపచ్చ గుర్తు ఉన్నాయో లేదో చూసుకోండి. వీడియో అయిపోయాక లేబుల్ మార్చారంటే ఆ షాట్లన్నీ వృథా. "ప్రిజర్వేటివ్స్ లేవు" అని చెప్పించాలనుకుంటే అది నిజమైతేనే చెప్పించండి, మాట కెమెరాలో పడ్డాక వెనక్కి రాదు.

లైట్ల గురించి మీరు చెయ్యగలిగింది కొంచెమే కానీ అది చాలా ముఖ్యం. గదిలో ఒక తెల్ల ట్యూబు, ఒక పసుపు బల్బు, పక్కన కిటికీ, మూడు రకాల వెలుగు కలిస్తే మనిషి మొహం ఒక రంగు, పచ్చడి ఇంకో రంగు. చవక ట్యూబుల కింద ఎరుపు సరిగ్గా పడదు, గుంటూరు కారం కూడా ఇటుక పొడిలా కనిపిస్తుంది. కాబట్టి ఏ స్విచ్ ఏ లైట్‌దో ముందే చీటీ అంటించి పెట్టండి, మేం అన్నీ ఆపి మా లైట్లు వేసుకుంటాం. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే నాసిరకం ట్యూబులు, ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంటాయి, కంటికి తెలీదు, స్లో మోషన్ తీస్తే మాత్రం మొత్తం టపటపా కొట్టుకుంటుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు, మీ ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి లైట్ వైపు తీసి చూడండి, మినుకు కనిపిస్తే ఆ లైట్ షూటింగ్‌లో పనికిరాదు అని టీమ్‌కి చెప్పండి. షాపు బోర్డు తీయాలంటే అది ఏ వైపు ఉందో చెప్పండి, తూర్పు ముఖం అయితే పొద్దున్న, పడమర అయితే సాయంత్రం, ఎండ దాని మీద పడే టైమ్‌కి ప్లాన్ చేసుకుంటాం.

కరెంటు సంగతి కూడా. మామూలు 5 ఆంప్స్ ప్లగ్ మీద సుమారు 1100 వాట్లకి మించి లోడు వెయ్యకూడదు, రెండు పెద్ద లైట్లు, ఛార్జర్లు, మీ మిక్సీ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెడితే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతుంది. గ్రైండర్ కోసం వేసిన 16 ఆంప్స్ పాయింట్ ఎక్కడుందో చూపించండి. ఆ రోజు మీ లైన్‌లో కోత ఏమైనా ఉందా అని ముందు రోజు సబ్‌స్టేషన్‌కి ఒక ఫోన్ కొట్టండి.

సౌండ్ దగ్గర చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో బొమ్మ కంటే ఇదే ఎక్కువ పాడవుతుంది. బొమ్మ కొంచెం చీకటిగా ఉంటే సరిచేయొచ్చు, మాట వెనక ఫ్రిజ్ మోత పడితే తీసెయ్యడం కష్టం. మీరు మాట్లాడే గదిలో ఒక్క నిమిషం తలుపులేసుకుని కళ్ళు మూసుకుని వినండి. ఫ్రిజ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఇన్వర్టర్ బీప్, పక్కింట్లో గ్రిల్ వెల్డింగ్, బడి గంట, గుడి మైకు, అన్నీ అప్పుడు వినపడతాయి. ఏ టైమ్‌లో నిశ్శబ్దంగా ఉంటుందో మీకే తెలుసు, ఆ టైమ్ మాకు చెప్పండి, మీ మాటలు అప్పుడే రికార్డ్ చేస్తాం. ఫ్రిజ్ ఆపాల్సి వస్తే మీ బండి తాళం ఆ ఫ్రిజ్‌లో పెట్టండి, సౌండ్ వాళ్ళు వాడే చిట్కా ఇది, ఇంటికి బయల్దేరేటప్పుడు తాళం కోసం వెళ్తారు, స్విచ్ కూడా వేస్తారు. టైల్స్ వేసిన ఖాళీ గదిలో గొంతు గుంయ్‌మని తిరుగుతుంది, దానికంటే మీ గోడౌన్ నయం, మిరపకాయల గోనెసంచులు, అట్టపెట్టెలు నిండుగా ఉన్న గదిలో మాట ఎంత మెత్తగా వస్తుందో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఫ్యాన్లన్నీ ఆపేసి కారం కలుపుతుంటే గాల్లో లేచిన ఘాటు అక్కడే ఉండిపోతుంది, కాబట్టి మాటలు తీసే గది, కారం కలిపే గది వేరువేరుగా పెట్టుకోండి.

షాపులో పాటలు ఆపెయ్యండి, టీవీ కూడా. సినిమా పాట వెనకాల నాలుగు సెకన్లు వినపడినా కాపీరైట్ సమస్య రావొచ్చు, పొద్దున్నే పెట్టే భక్తి పాటల రికార్డింగులకి కూడా హక్కుదారులుంటారు. వీడియోలో ఏ మ్యూజిక్ వాడతారు, దానికి వ్యాపార ప్రకటనల్లో వాడుకునే లైసెన్స్ ఉందా అని టీమ్‌ని అడగండి. కానీ మీ పని చప్పుడు మాత్రం ఉండాలి, కత్తి టెంక మీద పడి "టక్" మన్న చప్పుడు, ఆవపిండి మీద నూనె పోసినప్పుడు వచ్చే ఆ సన్నటి చప్పుడు, వాటిని విడిగా రికార్డ్ చెయ్యమని అడగండి.

మీరు ఏం కట్టుకోవాలి? సన్న గీతలు, చిన్న చిన్న గళ్ళు వద్దు, కెమెరాలో అవి అలలు అలలుగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. ఎరుపు చీర కూడా వద్దు, ఎరుపు పచ్చడికే వదిలెయ్యండి, ఆకుపచ్చో, లేత పసుపో, ముదురు నీలమో బాగుంటుంది. కాలర్ మైక్ పెట్టినప్పుడు నల్లపూసలు, గొలుసు దానికి తగిలి గరగరమంటాయి, వాటిని ఎలా సర్దాలో మైక్ పెట్టేవాళ్ళతో కలిసి చూసుకోండి. ఆడవాళ్ళకి మైక్ వైరు సర్దడానికి టీమ్‌లో ఒక అమ్మాయి ఉందా అని ముందే అడగండి, అడగడంలో తప్పేం లేదు.

మాట్లాడటం అనగానే భయపడి ఎవరితోనో రాయించి బట్టీ పడతారు. "మా సంస్థ నాణ్యతా ప్రమాణాలకు కట్టుబడి ఉన్నది" అని ఒక మనిషి కళ్ళు పైకెత్తి గుర్తు తెచ్చుకుంటూ చెప్తుంటే ఎవరు నమ్ముతారు? అదే మనిషి టీ తాగుతూ "మా అత్తగారు ఒకటే చెప్పేవారండి, కాయ తెచ్చిన రోజే ముక్క కొట్టెయ్యాలి, మర్నాటికి మెత్తబడిపోద్ది" అంటుంది, అదీ మాట. కాయితం మీద మూడు ముక్కలు రాసుకోండి చాలు, ఎలా మొదలైంది, మీరు ఏ విషయంలో రాజీ పడరు, ఎలా ఆర్డర్ ఇవ్వాలి. మిగతాది మీ యాసలోనే, శ్రీకాకుళం అయితే శ్రీకాకుళం, కరీంనగర్ అయితే కరీంనగర్. ఒక్కటి మాత్రం ప్రాక్టీస్ చెయ్యండి. అడిగేవాళ్ళ గొంతు ఎడిటింగ్‌లో తీసేస్తారు, అందుకని "ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు" అంటే "పదేళ్ళు" అని ఊరుకోకుండా "మేం ఈ పచ్చళ్ళు పదేళ్ళ నుంచి చేస్తున్నామండి" అని పూర్తి వాక్యం చెప్పాలి. తప్పు పోతే ఆగి, ఊపిరి తీసుకుని ఆ వాక్యం మొదటి నుంచి చెప్పండి, క్షమాపణలు అక్కర్లేదు.

మీ దగ్గర పనిచేసేవాళ్ళతో కనీసం నాలుగు రోజుల ముందు మాట్లాడండి, ఈ మాట నేను గట్టిగా చెప్తున్నా. ముక్కలు కొట్టడానికి వచ్చే ఆడవాళ్ళు చాలామంది రోజు కూలీకి వచ్చేవాళ్ళు, కొందరికి కెమెరాలో పడటం ఇష్టం ఉండదు, ఇంట్లో ఏమంటారో అన్న భయం ఉంటుంది, ఆ పూట నలుగురి ముందు అడిగితే వద్దని చెప్పలేరు. విడిగా అడగండి, వద్దన్నవాళ్ళకి వేరే పని చెప్పండి, లేదా చేతుల వరకే తీయమని మాకు చెప్పండి. ఒప్పుకున్నవాళ్ళ దగ్గర తెలుగులోనే ఒక కాయితం రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి, మీ వీడియో ఎక్కడెక్కడ వస్తుందో అందులో ఉండాలి. ముక్కలకి లెక్క కట్టి ఇచ్చే కూలీ అయితే ఆ రోజు షాట్ల కోసం ఆపి ఆపి చేయిస్తాం కాబట్టి వాళ్ళకి లెక్క తగ్గిపోతుంది, పూర్తి రోజు కూలీ ఇచ్చెయ్యండి. కస్టమర్లని తీయాలన్నా ముందే అడగాలి, పిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నలని.

చివర్లో అందరూ అడిగే షాట్ వేడన్నం, నెయ్యి, ఆవకాయ. పొగలు కనపడాలంటే వెనక ముదురు రంగు ఉండాలి, వెనక నుంచి వెలుగు పడాలి, అన్నం అప్పుడే దించింది అయ్యుండాలి. ఒక్క కుక్కర్ చాలదు, అరగంట తేడాతో మూడు సార్లు పెట్టుకోండి. నెయ్యి కరిగించి వెచ్చగా ఉంచండి. కలిపే చెయ్యి ఎవరిదో ముందే అనుకోండి, గోళ్ళు కత్తిరించుకుని ఉండాలి.

టీమ్‌తో డబ్బులు మాట్లాడేటప్పుడే తేల్చుకోవాల్సినవి కొన్ని. ఎన్ని వీడియోలు, ఎంత నిడివి, రీల్స్‌కి నిలువుగా ఎన్ని, యూట్యూబ్‌కి అడ్డంగా ఎన్ని, ఇది ముందే చెప్పకపోతే అడ్డంగా తీసింది తర్వాత నిలువుగా కోస్తే జాడీ సగం తెగిపోతుంది. మార్పులు ఎన్నిసార్లు చేసిస్తారు, ఎడిట్ చెయ్యని ఫుటేజ్ మీకు ఇస్తారా, ఇస్తే దానికి వేరే డబ్బులా. డ్రోన్ షాట్ కావాలంటే డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఏరియా ఏ రంగులో ఉందో చూడమనండి, గ్రీన్ జోన్ కాకపోతే పర్మిషన్ లేకుండా ఎగరెయ్యకూడదు, గన్నవరం ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

షూటింగ్ అయిపోయాక వాళ్ళు సర్దుకునే ముందే మెమరీ కార్డులు రెండు చోట్ల కాపీ అయ్యాయా అని అడగండి, ఒక కాపీ మీ హార్డ్ డిస్క్‌లోకి తీసుకోవడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది, ఆవకాయ షాట్ పోతే మళ్ళీ తీసేది వచ్చే వేసవికే. తిప్పి పెట్టిన పార్సిళ్ళు లెక్క చూసుకుని ఆ రోజు వెళ్ళాల్సినవి పంపించెయ్యండి. కెమెరా ముందు వాడిన ముక్కలు, కలిపిన బ్యాచ్ అన్నీ ఒక డబ్బాలో వేసి మీద "షూటింగ్‌ది" అని మార్కర్‌తో రాయండి. లైట్ల వేడికి గంటల తరబడి తెరిచి ఉన్న సరుకు అది, పదిమంది చేతులు మారింది, ఒక్క సీసా కూడా అందులోంచి కస్టమర్‌కి వెళ్ళకూడదు.